పుట్టను మరచి పామును కొనేవారికి

నాగుల చవితి నాడు మన స్త్రీలు పాము కోసం వెతకరు, పుట్ట కోసం వెతుకుతారు. పసుపు కుంకుమలు చల్లేది పుట్ట మీద, ప్రదక్షిణ చేసేది పుట్ట చుట్టూ. పాము పాలు త్రాగదన్న సంగతి మనం ఎన్నిసార్లు చెప్పుకున్నా, ఆ ఆచారంలో ఒక వివేకం ఉన్నదని నేను భావిస్తాను. పామును గౌరవించడమంటే ముందుగా దాని ఇంటిని గౌరవించడం. నేడు వేలకు వేలు వెచ్చించి విదేశీ కొండచిలువ పిల్లలను కొని తెచ్చుకుంటున్న మన యువతరం ఈ వివేకాన్ని తలక్రిందులు చేసింది. పాము ఇంటికి వచ్చింది, పుట్ట మాత్రం రాలేదు. ఆ పిల్లలలో అనేకం ఊపిరాడక చనిపోవడానికి మూలం అక్కడే ఉన్నది.

నేను మనుషులకు వైద్యం చేసినవాడిని, పశువైద్యుణ్ణి కాను. ఆరోగ్య విషయాలు వ్రాసే ఈ చోట పాము ఊపిరితిత్తుల ప్రసక్తి ఏమిటని మీకు సందేహం కలగవచ్చు. దానికి రెండు సమాధానాలు చెబుతాను. పెంపుడు పాముకు జబ్బు చేసినప్పుడు మన ఇళ్ళలో మొదట తెరుచుకునేది మనుషుల మందుల డబ్బా. రాత్రివేళ ఫోను వచ్చేది కూడా తెలిసిన మనుషుల డాక్టరుకే. ఇక రెండవది ఇంకా ముఖ్యమైనది. ఊపిరితిత్తుల రోగానికీ నివాసానికీ ఉన్న సంబంధాన్ని ఈ చిన్న ప్రాణి చూపినంత స్పష్టంగా మరే ప్రాణీ చూపదు. అందుచేత ఈ విషయంలో మౌనంగా ఉండడం వైద్యవృత్తికి తగదని తలచి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ఇది ఎక్కడి పాము?

బాల్ పైథాన్ అని అమ్మకందార్లు పిలిచే ఈ పాము పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాలకు చెందిన కొండచిలువ. భయం వేసినప్పుడు తలను మధ్యలో దాచుకొని బంతిలా చుట్టుకుపోతుంది కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది. బ్రిటన్‌లో దీనినే రాయల్ పైథాన్ అంటారు. విషం లేదు. గ్రుడ్డు నుండి బయటపడిన పిల్ల సుమారు అడుగు పొడవు ఉంటుంది, పెద్దదైనా నాలుగైదు అడుగులకు మించి పెరగడం అరుదు. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుండి దశాబ్దాలుగా ఇవి ఓడల మీద, విమానాల మీద ప్రపంచమంతా వెళుతున్నాయి. గ్రుడ్లతో ఉన్న ఆడపాములను అడవిలో పట్టి, పుట్టిన పిల్లలను ఎగుమతి చేయడం అక్కడ ఒక పెద్ద వ్యాపారం. అదే బెనిన్‌లోని వీదా పట్టణంలో ఈ పాములకు ఆలయం ఉన్నది, అక్కడివారికి ఇవి పూజనీయాలు. గౌరవమూ వ్యాపారమూ ఒకే నేలమీద ఉండడం మనకు కొత్త కాదు.

అడవిలో ఈ పాము పగలు ఎక్కడ ఉంటుంది? ఎలుకలు త్రవ్వి వదిలిన బొరియలలో, చెదపురుగులు కట్టిన పుట్టలలో. రాత్రి బయటికి వచ్చి వేటాడుతుంది, తెల్లవారితే మళ్ళీ నేల క్రిందికి పోతుంది. ఇక్కడ ఒక విషయాన్ని గట్టిగా పట్టుకోండి. అమ్మకందారు మీతో, “ఇది ఆఫ్రికా గడ్డి మైదానాల పాము, ఎండను తట్టుకుంటుంది, తేమ అవసరం లేదు” అంటాడు. గడ్డి మైదానం నేల పైన ఎండ మండిపోతున్నా, పుట్ట లోపల గాలి తేమగా, ఇంచుమించు ఒకే వేడిమితో నిలకడగా ఉంటుంది. పాము బ్రతికేది మైదానంలో కాదు, పుట్టలో. మీరు కొనవలసింది ఆ పుట్టను. మీరు కొన్నది పామును మాత్రమే.

దగ్గలేని ప్రాణి

మన దేహంలో ఛాతీకీ కడుపుకూ మధ్య డయాఫ్రం అనే కండరపు పొర ఉన్నది. ఊపిరితిత్తులలో కఫం చేరితే ఆ కండరమూ పక్కటెముకల కండరాలూ కలిసి ఒక్క ఊపుతో దానిని బయటికి తోసివేస్తాయి. దానినే దగ్గు అంటున్నాము. దగ్గును మనం బాధగా భావిస్తాము గాని, నిజానికి అది మన కాపలాదారు. పాముకు డయాఫ్రం లేదు. పక్కటెముకలను కదిలిస్తూ గాలి పీల్చడమే తప్ప, మనవలె దగ్గి కఫాన్ని వదిలించుకునే శక్తి దానికి లేదు. కొండచిలువలకు రెండు ఊపిరితిత్తులు ఉంటాయి, కుడిది పెద్దది, ఎడమది చిన్నది. పొడవైన సంచి వంటి ఆ ఊపిరితిత్తి అడుగున చేరిన జిగురు అక్కడే నిలిచిపోతుంది. పైగా సరీసృపాల చీము మన చీమువలె పలుచగా కారిపోదు, జున్నుముక్కలా గట్టిపడుతుంది. పెద్ద పాములో ఇది దీర్ఘరోగం. అడుగు పొడవున్న పిల్లలోనైతే శ్వాసనాళం సన్నని పుల్లంత ఉంటుంది, చిన్న జిగురు ముద్ద దానిని మూసివేయగలదు.

అందుకే రోగలక్షణాలను మీరు తెలుసుకొని ఉండాలి. ఊపిరి తీసినప్పుడు పిల్లికూతలు, చిటపట శబ్దాలు వినిపించడం. ముక్కు రంధ్రాల వద్ద బుడగలు, నోటిలో తీగలు సాగే జిగురు. మాటిమాటికీ నోరు తెరిచి ఊపిరి తీసుకోవడం. తల పైకెత్తి, గొంతు చాచి గంటల తరబడి అలాగే ఉండిపోవడం. ఆహారం ముట్టకపోవడం. మేత మింగిన తరువాత దవడలు సర్దుకోవడానికి పాము ఆవులించడం సహజమే. కుబుసం విడిచే ముందు పాత చర్మం ముక్కు రంధ్రానికి అడ్డుపడి ఈల వంటి శబ్దం రావడమూ కద్దు. కుబుసం విడిచిన తరువాత కూడా ఆ శబ్దం పోలేదంటే అది రోగమే. నోరు తెరిచి ఊపిరి తీస్తున్న పాము అప్పటికే చాలా దూరం పోయిన రోగి అని గ్రహించండి. పాములు జబ్బును దాచుకుంటాయి, మనకు కనిపించేసరికి ఆలస్యమై ఉంటుంది.

ఇల్లే దేహంలో ఒక భాగం

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1882లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనుగొన్నాడు. దానిని చంపే మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ 1940ల నాటికి గాని రాలేదు. ఈ మధ్యకాలంలోనే బ్రిటన్‌లో క్షయ మరణాలు ఎంతో తగ్గిపోయాయి. అందులో మంచి తిండికీ, గాలి వెలుతురు ఉన్న ఇళ్ళకూ, రోగులను వేరుగా ఉంచడానికీ ఎంతెంత వాటా ఉన్నదో పండితులు నేటికీ వాదించుకుంటున్నారు గాని, అది క్రిమిని చంపే మందు చేసిన పని కాదన్నది మాత్రం నిర్వివాదం. మరొక ప్రక్క 1950ల చివరలో మద్రాసులో జరిగిన ప్రసిద్ధ అధ్యయనం ఇంకొక సత్యాన్ని చెప్పింది. సరైన మందులు క్రమంగా వాడితే, ఇరుకు ఇళ్ళలో ఉండి చికిత్స పొందిన పేద క్షయరోగులు కూడా శానిటోరియంలో ఉన్నవారితో ఇంచుమించు సమానంగా కోలుకున్నారు. మా తరం వైద్యులకు అది గొప్ప ఊరట. మందు ఉంటే ఇల్లు సరిగా లేకపోయినా మనిషిని బ్రతికించవచ్చు.

పాము విషయంలో ఈ రెండవ సత్యం వర్తించదు. ఎందుకు? మనిషి ఏ ఇంట్లో ఉన్నా తన వేడిని తానే పుట్టించుకుంటాడు. గుడిసెలో ఉన్నా మేడలో ఉన్నా అతని రక్తం 37 డిగ్రీల వద్దే ఉంటుంది. ఆ వేడిలోనే తెల్ల రక్తకణాలు పనిచేస్తాయి, మందు జీర్ణమవుతుంది. పాము తన వేడిని తాను పుట్టించుకోలేదు, ఇంటి నుండి అరువు తెచ్చుకుంటుంది. గూడు చల్లబడితే పాము రక్తం చల్లబడుతుంది. రక్తం చల్లబడితే రోగనిరోధక శక్తి మందగిస్తుంది, తిన్నది అరగదు, సూదిమందు దేహంలో ఎంతసేపు నిలుస్తుందో లెక్క తప్పుతుంది. మనిషికి ఇల్లు దేహానికి వెలుపల ఉన్నది. పాముకు ఇల్లు దేహంలో ఒక భాగం.

ఇది కవిత్వం కాదు, ప్రయోగంతో నిరూపితమైన విషయం. 1970లలో అమెరికాలో క్లూగర్, ఆయన సహచరులు ఎడారి ఇగువానా అనే బల్లుల మీద పరిశోధన చేశారు. రోగకారక బాక్టీరియా ఎక్కించినప్పుడు ఆ బల్లులు తమంత తాము ఎక్కువ వేడి ఉన్న చోటికి పోయి కూర్చున్నాయి. జ్వరం తెచ్చుకోవడానికి వాటికి ఉన్న దారి అదొక్కటే. వెచ్చగా ఉంచిన బల్లులు ఎక్కువగా బ్రతికాయి, చల్లని చోట నిర్బంధించినవి ఎక్కువగా చనిపోయాయి. క్రిమి ఒకటే, బల్లి జాతి ఒకటే, మారింది ఇంటి వేడి మాత్రమే. జబ్బుపడిన పాము వెచ్చదనాన్ని వెతుక్కుంటుంది. అది వెతికినప్పుడు అక్కడ వెచ్చని మూల లేకపోతే, ఆ పాముకు జ్వరం తెచ్చుకునే హక్కును కూడా మీరు లాగివేసినట్లే.

“చాలా సులభం” అనే అబద్ధం

ఈ పామును అమ్మేవారు ఎల్లప్పుడూ చెప్పే మాట ఒకటున్నది: “మొదటిసారి పెంచేవారికి ఇంతకంటే సులభమైన పాము లేదు. వారానికి ఒక ఎలుక, ఒక గిన్నె నీళ్ళు, ఒక పెట్టె చాలు.” ఇది సాధు జంతువు అన్నంతవరకు నిజం. సులభమన్నది అబద్ధం. అది సాధారణంగా కరవదు, అరవదు. బాధను చెప్పుకోలేని ప్రాణిని సులభమైన ప్రాణి అని పిలవడం మన సౌకర్యం కోసం మనం కల్పించుకున్న మాట. 2020లో అమెరికాలోని సెయింట్ లూయిస్ జంతు ప్రదర్శనశాలలో కనీసం 62 ఏళ్ళ వయసున్న బాల్ పైథాన్ ఒకటి గ్రుడ్లు పెట్టింది. అంత ఆయుష్షు తీరగల ప్రాణి మన ఇళ్ళలో తొలి శీతకాలం దాటకుండానే పోతే, లోపం పాములో ఉన్నదా, పెట్టెలో ఉన్నదా?

మన వాతావరణాన్నే చూడండి. హైదరాబాదులో డిసెంబరు, జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత పదిహేను డిగ్రీల దరికి, కొన్ని రోజులు అంతకంటే క్రిందికి దిగుతుంది. మే నెల మధ్యాహ్నం నలభై దాటుతుంది, గాలిలో తేమ ఇంకిపోతుంది. ఆ వేసవిలో మనం ఏసీ వేసుకొని గదిని ఇరవై రెండు డిగ్రీలకు తెచ్చుకుంటాము. ఆ చలిగాలి మనకు హాయి, అదే గదిలో మూలనున్న పిల్ల పాముకు అది రోగానికి ఆహ్వానం. సముద్రతీరంలోని విశాఖపట్నంలో ఉన్నవారికి తేమ ఉన్నా, ఏసీ గది లోపల అదే కథ. షికాగోలోనో మినియాపొలిస్‌లోనో స్థిరపడిన మన పిల్లల ఇళ్ళలో చలికాలమంతా హీటర్లు నడుస్తాయి, గాలి ఎండుటాకులా పొడిబారుతుంది. మన పెదవులు పగిలినప్పుడు మనం వాసెలిన్ రాసుకుంటాము. పాము శ్వాసనాళపు పొర పొడిబారితే ఎవరు చూస్తారు? దాని కుబుసం ఒక్కటే సాక్ష్యం చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న పాము కుబుసం మేజోడు తీసినట్లు ఒకే తొడుగుగా వస్తుంది. ముక్కలు ముక్కలుగా ఊడి, కళ్ళమీద పొరలు మిగిలిపోతే, గాలిలో తేమ చాలడం లేదని పాము మీకు వ్రాసిన ఉత్తరం అది.

దీనికి సమాధానంగా కొందరు, “విదేశాలలో పెంపకందార్లు వేలకొలది పిల్లలను ప్లాస్టిక్ సొరుగులలో పెంచడం లేదా?” అంటారు. పెంచుతున్నారు. అయితే ఆ సొరుగుల వెనుక వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ ఉంటుంది, గది మొత్తాన్నీ వెచ్చగా ఉంచుతారు. మీకు సొరుగు ఒక్కటే అమ్మారు, ఆ ఏర్పాటు అమ్మలేదు. అదీగాక, బ్రతికి ఉండడం వేరు, బాగుండడం వేరు. మరికొందరు దీనికి వ్యతిరేక దిశలో పోయి, నాలుగడుగుల అద్దాల తొట్టెలో అడుగు పొడవు పిల్లను వదిలి, పైన జాలీ మూత వేసి, లోపల ఒక ప్లాస్టిక్ మొక్క పెట్టి మురిసిపోతారు. జాలీలో నుండి వేడీ తేమా రెండూ పైకి పోతాయి. పిల్ల పాము దాగడానికి చోటు లేక బెదిరి, తినడం మానివేస్తుంది. తప్పు తొట్టె పెద్దదవడంలో లేదు, ఖాళీగా ఉండడంలో ఉన్నది. ఆ తొట్టెనే ఆకులతో, బెరడు ముక్కలతో, బొరియలతో నింపి, మూతలో ఎక్కువ భాగాన్ని కప్పివేస్తే పిల్ల పాము అందులో సుఖంగానే ఉంటుంది. ఇరుకు పెట్టెవారూ, ఖాళీ తొట్టెవారూ ఒకరినొకరు తిట్టుకుంటున్నారు గాని, పుట్టను మరచినవారే ఇద్దరూ.

మందు డబ్బా జోలికి పోకండి

పాము ముక్కున బుడగ కనిపించగానే మన ఇళ్ళలో జరిగే వైద్యం నాకు ఆశ్చర్యం కలిగించదు, ఎందుకంటే మనుషులకు మనం చేసుకునే వైద్యమూ అదే. అజిత్రోమైసిన్ మాత్ర నాలుగు ముక్కలు చేయడం, నీళ్ళలో కలిపి నోట్లో పోయడం. విక్సు, నీలగిరి తైలం గూడు దగ్గర పెట్టడం. పసుపు నీళ్ళు తాగించడం. ఇవేవీ చేయకండి. దగ్గలేని ప్రాణి నోట్లో ద్రవం పోస్తే అది నేరుగా ఊపిరితిత్తిలోకి పోవచ్చు. ఘాటైన తైలాల ఆవిరి, సాంబ్రాణి పొగ, అగరువత్తుల పొగ, దోమల చుట్టల పొగ రోగగ్రస్తమైన శ్వాసనాళాన్ని మరింత రేపుతాయి. పాము ఉన్న గదిలో ఆరోగ్యంగా ఉన్న రోజులలో కూడా అవి ఉండకూడదు.

ఈ రోగాలలో తరచుగా కనిపించే సూడోమోనాస్, క్లెబ్సియెల్లా, ఏరోమోనాస్ వంటి బాక్టీరియా చాలావరకు పాము నోటిలోనూ పరిసరాలలోనూ ముందునుండే ఉండేవి. చలి, ఎండు గాలి, మురికి తడి, భయం కలిసి వచ్చినప్పుడు అవి అదను చూసి లేస్తాయి. చూరు క్రింద కాచుకొని కూర్చున్న దొంగకు తలుపు తెరిచేది మనమే. ఇటువంటి మొండి క్రిములకు ఏ మందు పనిచేస్తుందో శ్వాసనాళపు ద్రవాన్ని పరీక్షించి తెలుసుకోవాలి. సరీసృపాల వైద్యంలో అనుభవమున్న పశువైద్యులు కొన్ని సూదిమందులను మూడు రోజులకు ఒకసారి మాత్రమే ఇస్తారు. పాము దేహంలో మందు అంత నెమ్మదిగా కరుగుతుంది. పాములో నీరు తగ్గి ఉన్నప్పుడు జెంటామైసిన్, అమికాసిన్ వంటివి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఇటువంటి లెక్కలున్న చోట మనుషుల మాత్రను కత్తిపీటతో కోసి వేయడం వైద్యం కాదు. పైగా చల్లని గూడులో ఉన్న పాముకు ఎంత గొప్ప మందు వేసినా చిల్లికుండలో నీళ్ళు పోసినట్లే. అరకొర మందులతో మొండికెత్తిన బాక్టీరియా ఆ పెట్టెలోనే ఉండిపోదు, ఆ పెట్టెను కడిగిన మీ చేతులకూ వస్తుంది. మందులకు లొంగని క్రిములతో ఆస్పత్రులు సతమతమవుతున్న ఈ రోజులలో ఇది పాముకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు.

గూడు సరిచేసినా తగ్గని రోగమూ ఒకటున్నది, దానిని దాచడం నిజాయితీ కాదు. 2014లో శాస్త్రజ్ఞులు బాల్ పైథాన్‌లలో ఒక కొత్త నిడోవైరస్‌ను గుర్తించారు. ఈ తరగతి వైరస్‌లను ఇప్పుడు సర్పెంటోవైరస్‌లు అంటున్నారు. ఇవి నోటినీ, శ్వాసమార్గాన్నీ, ఊపిరితిత్తులనూ దెబ్బతీస్తాయి. వీటిని చంపే మందు గాని, టీకా గాని లేదు. బయటికి ఆరోగ్యంగా కనిపించే పాము కూడా చాలాకాలం వైరస్‌ను మోస్తూ ఇతర పాములకు అంటించవచ్చు. నోటి నుండి దూదిపుల్లతో తీసిన నమూనాను, కరోనా కాలంలో మనందరికీ పరిచయమైన పీసీఆర్ పద్ధతిలోనే పరీక్షిస్తారు. అందుచేత ఒక పాము ఉన్న ఇంటికి రెండవ పామును తెస్తే కనీసం మూడు నెలలు వేరే గదిలో, వేరే గిన్నెలతో, వేరే పటకారుతో ఉంచాలి. ముందు పాత పామును చూసుకొని, ఆ తరువాతే కొత్తదాని దగ్గరికి వెళ్ళాలి. పాము నల్లులను, అంటే పొలుసుల సందులలో చేరి రక్తం పీల్చే మైట్లను, వెతికి తీసివేయాలి. సంతలోనో, దుకాణంలోనో పది పాములను ఒకే చేత్తో ఎత్తి చూపించి అమ్మేవాడి వద్ద మీరు పామును మాత్రమే కొంటున్నామని అనుకోకండి.

పుట్ట ఎలా కట్టాలి?

విమర్శించి ఊరుకోవడం నా ఉద్దేశం కాదు. పాము తేవడానికి కనీసం రెండు వారాల ముందే గూడు సిద్ధమై, రేయింబవళ్ళు కొలతలు నిలకడగా ఉన్నాయని మీరు కళ్ళారా చూచుకోవాలి. ఆ కొలతలు ఇవి.

వేడి: గూడులో ఒక కొస 31, 32 డిగ్రీల వద్ద, మరొక కొస 25 నుండి 27 మధ్య ఉండాలి. పాము తనకు కావలసిన చోటికి తానే జరుగుతుంది. రాత్రివేళ కూడా 24కు దిగకుండా చూడాలి. 35 దాటితే ప్రమాదం. హీట్ మ్యాట్ అయినా, పైన బిగించే హీటరైనా థర్మోస్టాట్ లేకుండా పెట్టడం నేరమనే అంటాను, ఎందుకంటే పొట్ట క్రింద కాలిపోతున్నా ఈ పాములు ఎన్నోసార్లు అక్కడి నుండి జరగవు. వేడిరాయి అనే వస్తువును అసలే కొనవద్దు. గోడకు అంటించిన గడియారం వంటి కొలమానాన్ని నమ్మక, పాము పడుకునే చోట తీగ ఉన్న డిజిటల్ థర్మామీటరు పెట్టండి. కరెంటు పోయినప్పుడు ఏం చేస్తారో ముందే ఆలోచించుకోండి. ఇన్వర్టరు లేకపోతే, గోరువెచ్చని నీళ్ళ సీసాలకు గుడ్డ చుట్టి గూడులో పెట్టవచ్చు.

తేమ: నూటికి 60 నుండి 80 మధ్య ఉండాలి. కుబుసం విడిచే రోజులలో పై అంకె వైపు ఉండడం మేలు. మన కోనసీమ కొబ్బరి ఇక్కడ పనికి వస్తుంది. కొబ్బరి పొట్టు, పీచు ముక్కలు కలిపి మూడు, నాలుగు అంగుళాల మందాన పరచండి. నీళ్ళు పైన చిలకరించకండి, మూలలలో పోయండి. అడుగు పొర తడిగా, పై పొర పొడిగా ఉండాలి. తేమ వేరు, తడి వేరు. తడిసి ముద్దయిన పరుపు మీద పడుకున్న పాముకు పొట్ట పొలుసులు కుళ్ళుతాయి, గాలి ఆడని తడిలో బూజు పెరిగి ఊపిరికే ముప్పు తెస్తుంది. పైన్, దేవదారు రంపపు పొట్టు వాడవద్దు, వాటి ఘాటైన ఆవిరి శ్వాసనాళాన్ని రేపుతుంది.

గాలి: గూడు ప్రక్కలకు రంధ్రాలుండాలి, ఒక ప్రక్క క్రిందుగా, ఎదురు ప్రక్క పైగా. గాలి నెమ్మదిగా మారాలి గాని ఈదురుగాలి తగలకూడదు. ఏసీ, ఫ్యాను, కిటికీ ఎదురుగా గూడు పెట్టవద్దు.

చాటు: వెచ్చని కొసన ఒకటి, చల్లని కొసన ఒకటి, రెండు బొరియలుండాలి. పాము చుట్టుకుంటే ఒళ్ళు మూడు ప్రక్కలా తగిలేటంత ఇరుకుగా ఉండాలి. చాటు ఒక్క చోటే ఉంటే భయానికీ వెచ్చదనానికీ మధ్య ఏదో ఒకటి వదులుకోవలసి వస్తుంది. గూడు పొడవు పాము పొడవుకు తగ్గకూడదు, అంటే పాముతోపాటు ఇల్లూ పెరగాలి. ఒక్కొక్క గూడులో ఒక్క పామే. పెంట వేసిన రోజే తీసివేయాలి, నీళ్ళు రోజూ మార్చాలి. వారానికి ఒకసారి బరువు తూచి కాగితం మీద వ్రాసుకోవాలి. పసిపిల్లల బరువు పట్టిక ఎంత ముఖ్యమో ఇదీ అంతే. తగ్గుతున్న బరువు బుడగల కంటే ముందుగా హెచ్చరిస్తుంది.

ఇంట్లో పసిపిల్లలున్నవారికి, చట్టం తెలియనివారికి

ఈ పాము శ్వాసకోశ వైరస్ మనుషులకు సోకుతుందని భయపడవలసిన పని లేదు. భయపడవలసింది సాల్మొనెల్లాకు. ఆరోగ్యంగా ఉన్న సరీసృపాల పేగులలో కూడా అది ఉంటుంది. ఐదేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో సరీసృపాలను పెంచవద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చాలాకాలంగా చెబుతున్నది. ఆ చిన్నారుల నుండి వృద్ధుల వరకు, నిరోధకశక్తి తగ్గినవారికి కూడా ఈ హెచ్చరిక వర్తిస్తుంది. గూడును, నీళ్ళ గిన్నెను వంటింటి సింకులో కడగకండి. పామును ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఇక చట్టం. మన దేశపు కొండచిలువ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నది, దానిని ఇంట్లో ఉంచుకోవడం నేరం. బాల్ పైథాన్ విదేశీ జాతి, అంతర్జాతీయ సైటీస్ ఒప్పందపు రెండవ అనుబంధంలో ఉన్నది. 2022 సవరణ చట్టం, 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమావళి ప్రకారం ఇటువంటి ప్రాణులను కలిగి ఉన్నవారు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. కాగితాలు లేకుండా అట్టపెట్టెలో బస్సు మీద వచ్చిన పిల్ల పాము చౌకగా దొరికినదని సంతోషించకండి. ఆ ప్రయాణపు చలిలో, ఆ భయంలో దాని ఊపిరితిత్తులకు ఏమి జరిగిందో మీకు నెల తరువాత తెలుస్తుంది. అప్పుడు కాగితాలు లేని పామును పశువైద్యునికి చూపడానికి మీరే జంకుతారు. చట్టవిరుద్ధంగా తెచ్చిన ప్రాణి వైద్యానికి కూడా నోచుకోదు.

పాఠకులకు నా మనవి ఒక్కటే. మీ అబ్బాయో, అమ్మాయో కొండచిలువ పిల్ల కావాలని అడిగితే వెంటనే కాదనకండి, వెంటనే సరేననకండి. “ముందు పుట్ట కట్టు, రెండు వారాలు వేడీ తేమా వ్రాసి నాకు చూపించు, పాము సంగతి అప్పుడు మాట్లాడదాం” అనండి. ఆ రెండు వారాల శ్రద్ధ లేనివారికి ఇరవై, ముప్పై ఏళ్ళ శ్రద్ధ ఉండదు. కట్టగలిగినవారు కట్టండి, ఆ పిల్ల మీ దగ్గర చల్లగా కాదు, వెచ్చగా నూరేళ్ళు బ్రతకాలని నేనూ కోరుకుంటాను. కట్టలేనివారు ఆ డబ్బును ఇంట్లో ఉబ్బసంతో బాధపడే పెద్దవారి గది కిటికీ బాగుచేయించడానికి వాడండి. ఏ ప్రాణికైనా ఊపిరికి మొదటి మందు గాలి, వెచ్చదనం, శుభ్రమైన చోటు. మిగిలిన మందులన్నీ ఆ తరువాతే.